బల్ల దగ్గర గీత, వాకిట్లో గీత



ఆదివారం పొద్దున తొమ్మిదింటప్పుడు ప్రొద్దుటూరులో గానీ, జమ్మలమడుగులో గానీ, పులివెందులలో గానీ బజారులో కాసేపు నిలబడండి. చంకలో బైబిలు పెట్టుకుని జనం పోతుంటారు. ఒకే వీధిలో బయల్దేరినవాళ్లు తలా ఒక సందులోకి మళ్లుతారు. పట్టుచీర కట్టి పూలు పెట్టుకున్న అక్క సీఎస్ఐ చర్చి వైపు. తెల్లచీర కట్టి, చెవుల్లో మెడలో ఏమీ లేకుండా పోయే అక్క ఇంకో వైపు. మధ్యలో ఎదురుపడితే పలకరింపులోనే తెలిసిపోతుంది ఎవరు ఏ సంఘమో. "వందనాలండీ" అనే నోరు వేరు, "ప్రైజ్ ద లార్డ్" అనే నోరు వేరు.

ఇన్ని సంఘాలు ఉన్నందుకు నాకేం బాధ లేదు. ఒక్కొక్కరిది ఒక్కో నమ్మకం. నేను మాట్లాడదలచుకున్నది ఇంకో సంగతి. "మాదే అసలైన సంఘం. తక్కినవాళ్లు పేరుకు క్రైస్తవులు. వాళ్లతో కలవకూడదు" అనే మాట ఒకటుంది. మన పల్లెల్లో ఈ మాట బాగా వినబడుతోంది. ఆ మాట ఒప్పా తప్పా అని తేల్చడానికి నేను దైవశాస్త్రం చదివినవాణ్ణి కాను. ఆ మాట స్నేహాన్ని ఏం చేస్తుంది, చుట్టరికాన్ని ఏం చేస్తుంది, అదే ఈ పూట నా మాట.

నేను చూసిందొకటి చెబుతాను. ముద్దనూరు వైపు ఒక ఊరు. పేరెందుకులెండి.

ఇద్దరు ఆడవాళ్లు. పక్కపక్క ఇళ్లు, మధ్యలో మొలెత్తు గోడ. ఒకే చర్చిలో పెరిగారు. ఒకే చేనులో శనక్కాయలు పీకారు. ఒకరి కాన్పుకు ఒకరు నీళ్లు కాచారు. చిన్నామె ఇంటాయన తాగుడు మనిషి. కూలి డబ్బు ఇల్లు చేరేది కాదు. అట్లాంటప్పుడు ఒక కొత్త సంఘంవాళ్లు వచ్చి ఆ ఇంట్లో ప్రార్థనలు పెట్టారు. ఆయన తాగుడు మానేశాడు. అదేమీ చిన్న విషయం కాదు. అంతకుముందున్న సంఘం ఏళ్ల తరబడి చెయ్యలేని పని అది. మొగుడూ పెళ్లాం ఇద్దరూ ముంపు బాప్తిస్మం తీసుకున్నారు. ఆ సంఘంలో క్రిస్మస్ చేయరు. ఆ తేదీ బైబిలులో లేదు గదా అంటారు. నిజమే, లేదు.

డిసెంబరు 25. పెద్దామె ఎప్పటిలాగే స్టీలు గిన్నెలో కజ్జికాయలు పెట్టి, పైన గుడ్డ కట్టి, గోడ మీద పెట్టి పిలిచింది. సాయంత్రం చూస్తే గిన్నె గోడ మీదే ఉంది. గుడ్డ ముడి వేసింది వేసినట్టే ఉంది.

"ఏం మే, తినలేదా?"

"తప్పుగా అనుకోవాకక్కా. పండగ తిండి ముట్టొద్దని మా సంగంలో చెప్పినారు."

పెద్దామె మారుమాట అనలేదు. గిన్నె తీసుకుని లోపలికి పోయింది. మరుసటేడు గిన్నె కట్టలేదు.

ఇప్పుడు నేను చెప్పబోయేది కొంచెం నిదానంగా వినండి. క్రైస్తవ సంఘాల్లో రెండు గీతలు ఉంటాయి. ఒకటి ప్రభు బల్ల దగ్గర గీత. ఆ రొట్టె, ఆ ద్రాక్షరసం ఎవరు తీసుకోవచ్చు, ఎవరు తీసుకోకూడదు అనే గీత. అది దాదాపు ప్రతి సంఘంలోనూ ఉంది. క్యాథలిక్కుల గీత ఒక చోట, సీఎస్ఐ వాళ్ల గీత ఒక చోట, ముంపు బాప్తిస్మం తీసుకున్నవారికే అనేవాళ్ల గీత ఇంకో చోట. దాన్ని నేను తప్పుపట్టను. ఏ ఇంటి కట్టుబాటు ఆ ఇంటిది. రెండోది వాకిట్లో గీత. ఎవరింట్లో తినొచ్చు, ఎవరి పెళ్లికి పోవచ్చు, ఎవరి శవం ముందు నిలబడొచ్చు అనే గీత. మొదటిది ఆరాధనకు సంబంధించింది. రెండోది మనిషికి సంబంధించింది. బల్ల దగ్గర గీత వేరు, వాకిట్లో గీత వేరు. మొదటి గీతను జరిపి జరిపి వాకిట్లోకి తెచ్చినప్పుడే చిక్కంతా.

ఈ రెండింటికీ తేడా తెలిసినవాళ్లు మన మధ్యనే ఉన్నారు. భక్తసింగ్ గారు మొదలుపెట్టిన హెబ్రోను సహవాసాలే చూడండి. బల్ల దగ్గర వాళ్ల గీత చాలా గట్టిది. బాప్తిస్మం తీసుకోనివాళ్లకు రొట్టె అందదు. కానీ ఆదివారం ఆరాధన అయ్యాక అక్కడ ప్రేమ విందు ఉంటుంది. చాపలు పరుస్తారు, అన్నం, కూర వడ్డిస్తారు. వచ్చినవాడు ఏ సంఘం అని అడగరు. బల్ల దగ్గర అంత గట్టిగా ఉండి, విస్తరి దగ్గర అంత మెత్తగా ఉండటం సాధ్యమేనని దీన్ని బట్టే తెలుస్తోంది.

గీత బల్ల దగ్గర నుంచి వాకిట్లోకి ఎట్లా జరుగుతుందో తెలియాలంటే ఒక పాత కథ వినాలి. ఆ కథకు మన రాయలసీమతో సంబంధం ఉంది.

ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అని ఒక ఇంగ్లీషాయన. పళ్ల డాక్టరు. బాగా సంపాదించేవాడు. అదంతా వదిలి 1829లో సువార్త చెప్పడానికి బాగ్దాదు పోయాడు. అక్కడ ప్లేగు వచ్చింది. 1831లో భార్య పోయింది. తర్వాత ఇండియా వచ్చాడు. మన సండే స్కూళ్లలో అనాథ పిల్లల్ని సాకిన జార్జి ముల్లరు గారి కథ చెబుతారే, ఆ ముల్లరుకు ఈయన బావమరిది. 1836లో గ్రోవ్స్ ఇంగ్లండు నుంచి రెండు జంటల్ని వెంటబెట్టుకొచ్చాడు, బౌడెన్ దంపతుల్ని, బీర్ దంపతుల్ని. వాళ్లు గోదావరి డెల్టాలో నరసాపురం చేరారు. గోదావరి జిల్లాల బ్రదరెన్ సంఘాలకు మొదలు అదే. గ్రోవ్స్ మాత్రం మన చిత్తూరులో కాపురం పెట్టాడు. సేద్యం చేసుకుంటూ సువార్త చెప్పాడు.

ఈ గ్రోవ్స్ మొదట్నుంచీ ఒక్క మాట మీద నిలబడ్డాడు. యేసును నమ్మినవాళ్లు ఎవరైనా, ఏ మిషను పేరు తగిలించుకున్నా, కలిసి రొట్టె విరవొచ్చు. డబ్లిన్‌లో కొందరు మిత్రులు అట్లాగే మొదలుపెట్టారు, వాళ్లనే తర్వాత బ్రదరెన్ అన్నారు. వాళ్లతో డార్బీ అనే ఆయన కలిశాడు. పెద్ద చదువరి, మంచి వక్త. కొన్నేళ్లు గడిచేసరికి డార్బీ ధోరణి మారింది. ఇతర సంఘాల్లో తప్పు బోధ ఉంది, వాళ్ల నుంచి వేరుపడాలి అనడం మొదలుపెట్టాడు. అప్పుడు గ్రోవ్స్ ఆయనకొక ఉత్తరం రాశాడు. ఆ 1836లోనే, మార్చి నెలలో. సారాంశం ఇది: మనం ఒకే జీవం ఉన్నవాళ్లమని కలిశాం, ఇప్పుడు మీరు ఒకే అభిప్రాయం ఉన్నవాళ్లే కలవాలంటున్నారు. ఇట్లా పోతే మీరు దేన్ని నమ్ముతారో జనం మరిచిపోతారు, దేన్ని కాదంటారో దాన్ని బట్టే మిమ్మల్ని గుర్తుపడతారు.

పన్నెండేళ్లు తిరిగేసరికి అదే జరిగింది. 1848లో బ్రిస్టల్ పట్టణంలో ముల్లరు ఉన్న బెథెస్దా సంఘం మీద డార్బీకి కోపం వచ్చింది. ముల్లరు తప్పు బోధ చేశాడని కాదు. తప్పు బోధ చేసినవాడి సంఘం నుంచి వచ్చినవాళ్లను బల్ల దగ్గరికి రానిచ్చాడని. అంతే. ముల్లరు సంఘంతో తెగతెంపులు. ముల్లరు సంఘంతో కలిసిన సంఘంతోనూ తెగతెంపులు. వాళ్లతో కలిసినవాళ్లతోనూ. ఈ గొలుసు ఎక్కడ ఆగుతుంది చెప్పండి? ఆ వేరుపడినవాళ్లకే ఎక్స్‌క్లూజివ్ బ్రదరెన్ అని పేరొచ్చింది. వాళ్లలో ఒక పెద్ద శాఖ 1960ల్లో ఇంకో మెట్టు ఎక్కింది. సహవాసంలో లేనివాళ్లతో కలిసి భోంచేయకూడదని కట్టుబాటు పెట్టింది. ఒకే ఇంట్లో భార్య లోపల, భర్త బయట అయితే, ఆ ఇద్దరూ ఒకే బల్ల మీద అన్నం తినకూడదు. ప్రభు బల్ల దగ్గర మొదలైన గీత వందేళ్లలో వంటింటి దాకా వచ్చింది.

వాళ్లెవరో ఇంగ్లీషువాళ్లు, మనకెందుకు అంటారేమో. సరే, మన ఊళ్లకు వద్దాం.

కడపలో లండన్ మిషన్ పని 1822లో మొదలైంది. జమ్మలమడుగులో మనం ఇప్పటికీ క్యాంబెల్ ఆస్పత్రి అంటామే, అది ఆ మిషన్ పెట్టిందే. ఈ లండన్ మిషన్ పుట్టిన మరుసటేడే, 1796లో, ఒక కట్టుబాటు రాసుకున్నారు. మనం మోసుకుపోయేది సువార్తనే, మన దేశపు సంఘాల తగాదాల్ని కాదు. బిషప్పులు ఉండాలా, పెద్దలు ఉండాలా, ఎట్లాంటి సంఘం కావాలో నమ్మినవాళ్లే ఎంచుకుంటారు. రెండు వందల ఏళ్ల కిందట అట్లా రాసుకోవడం నాకైతే గొప్పగా ఉంటుంది.

రాసుకోవడం వేరు, జరిగింది వేరు. 1840ల మొదట్లో కడపలో ఉన్న లండన్ మిషనరీ హవెల్ గారే ఆంగ్లికన్ సంఘంలోకి, అంటే ఇంగ్లండు చర్చిలోకి మారిపోయారు. ఆయన వెంట కొన్ని కుటుంబాలు నడిచాయి. తెలుగునాట ఎస్పీజీ అనే ఆంగ్లికన్ మిషన్ పనికి వేరు అక్కడుంది. తర్వాత అది ముత్యాలపాడు, నంద్యాల వైపు బాగా విస్తరించింది. మైదుకూరు దాటి చాగలమర్రి వైపు పోతే ముత్యాలపాడు ఎంత దూరం? బస్సెక్కితే పూట కూడా పట్టదు. మిషన్లు తమలో తాము పోట్లాడుకోకుండా ప్రాంతాలు పంచుకున్నాయి. ఈ తాలూకా నీది, ఆ తాలూకా నాది. జమ్మలమడుగు లండన్ మిషన్‌ది, నంద్యాల ఎస్పీజీది, కర్నూలు బాప్టిస్టులది. మన తాతలు, ముత్తాతలు బైబిలు ముందర పెట్టుకుని, నాలుగు సంఘాల బోధలు సరిచూసి, ఒకటి ఎంచుకున్నవాళ్లు కారు. ఆ తాలూకాలో ఏ దొర గుర్రం ఎక్కి తిరిగాడో ఆ దొర సంఘం వాళ్లదయింది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. ఈరోజు "మాదే అసలైన సంఘం" అని గట్టిగా అనే చాలామంది, తాతగారు యాభై మైళ్లు అవతల పుట్టి ఉంటే, అంతే గట్టిగా ఇంకో సంఘం గురించి అనేవాళ్లు.

కలుపుదామని చూసినవాళ్లూ ఉన్నారు. 1919లో తమిళనాట తరంగంబాడిలో కొందరు పాస్టర్లు కూడారు. ఎక్కువమంది మనవాళ్లే. వాళ్లలో ముఖ్యుడు దోర్నకల్ బిషప్పు అజరయ్య గారు, ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. మన జనానికి అర్థంకాని ఇంగ్లండు తగాదాల్ని మనమెందుకు మొయ్యాలి అన్నది ఆయన బాధ. మాటలు ఇరవై ఎనిమిదేళ్లు నడిచాయి. అజరయ్య గారు 1945 జనవరి 1న కన్నుమూశారు, కళ్లారా చూడలేదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, లండన్ మిషన్ సంఘాలు ఉన్న దక్షిణ ఇండియా ఐక్య సంఘం, అందరూ ఒకటయ్యారు. అదే మన సీఎస్ఐ, చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. మన రాయలసీమ డయోసిస్ ఆ చెట్టు కొమ్మే.

ఇరవై ఎనిమిదేళ్లు ఎందుకు పట్టింది? ఎక్కువ భాగం ఒక్క ప్రశ్న దగ్గరే ఆగింది. బిషప్పు తల మీద చేతులు పెట్టకపోతే అతను పాస్టరు అవుతాడా? ఆ బిషప్పు తల మీద ఇంకో బిషప్పు, ఆయన మీద ఇంకొకరు, అట్లా వెనక్కి పోతే అపొస్తలుల దాకా ఆ వరస ఉండాలని కొందరి పట్టు. ఆ వరస లేని లండన్ మిషన్ పాస్టరు చేతి రొట్టె మేము తీసుకోమన్నారు. ఇంగ్లండులో దీని మీద ఎంత గొడవంటే, తర్వాత నోబెల్ బహుమతి అందుకున్న కవి టి.ఎస్. ఎలియట్ 1943లో ఈ ఐక్యతను తప్పుపడుతూ ఒక చిన్న పుస్తకమే అచ్చువేశాడు. మన జమ్మలమడుగు పాస్టరు పాస్టరేనా కాదా అన్న దాని మీద లండన్‌లో కవిగారికి బెంగ!

ఆ గొడవ మన గడప దాకా వచ్చింది. నంద్యాల వైపు ఎస్పీజీ సంఘాల్లో చాలా భాగం సీఎస్ఐలో చేరలేదు. మేము కలకత్తాలోని ఆంగ్లికన్ పెద్ద బిషప్పు, మెట్రోపాలిటన్ కిందనే ఉంటామన్నాయి. కారణాలు ఒకటి కాదు. బిషప్పుల వరస మీద నమ్మకం ఉంది. లండన్ మిషన్ వాళ్లు ఎక్కువగా ఉన్న డయోసిస్‌లో మమ్మల్ని పడేస్తున్నారే అన్న అనుమానమూ ఉంది. ఏదైతేనేం, ఒకే దేవుడు, ఒకే బైబిలు, ఒకే కీర్తనల పుస్తకం, ఒకే కులం, ఒకే చుట్టరికం ఉన్న జనం రెండు సంఘాలయ్యారు. పిల్లనిచ్చి పిల్లను తెచ్చుకునే ఇళ్ల మధ్య గీత పడింది. 1975లో నంద్యాల కూడా సీఎస్ఐలోకి వచ్చింది. ఈ ఇరవై ఎనిమిదేళ్లలో వాళ్ల బైబిలు మారలేదు. బిషప్పుల వరస గురించి కొత్త వాక్యమేదీ దొరకలేదు. 1947లో కలవకూడదు అన్న సంఘాలే 1975లో కలిశాయి. ఈ మధ్యలో పోయినవాళ్ల సంగతేమిటి? వాళ్లకు ఎవరు జవాబు చెబుతారు?

క్యాథలిక్కుల సంగతీ అంతే. 1917 నాటి వాళ్ల చట్టం ప్రకారం ఇతరుల ఆరాధనలో పాలుపంచుకోకూడదు. 1964లో వాటికన్ మహాసభ ఆ తలుపు తెరిచింది. ఇప్పుడు జనవరిలో ఐక్యత వారం వస్తే చాలాచోట్ల ఫాదరు గారు, పాస్టరు గారు ఒకే వేదిక మీద కూర్చుంటారు. యాభై ఏళ్లు కట్టిపడేసిన గీత ఒక తీర్మానంతో జరిగింది.

ఇంకో మాట. చెబితే కొందరికి కష్టంగా ఉంటుంది, అయినా చెబుతాను. మనం సిద్ధాంతం అని పేరుపెట్టే గీతల్లో కొన్ని సిద్ధాంతాలు కావు. కులం. ఒక మిషన్ సంఘంలో మాలలు ఎక్కువ, ఇంకో మిషన్ సంఘంలో మాదిగలు ఎక్కువ. పై కులాల నుంచి వచ్చినవాళ్లు ఇంకో చోట. "వాళ్ల బాప్తిస్మం సరైనది కాదండీ" అనే మాట వెనక కొన్నిసార్లు "వాళ్లింట్లో నీళ్లు తాగం" అనే మాట దాక్కుని ఉంటుంది. బైబిలు అడ్డం పెట్టుకుంటే ఆ గీత ఇంకా గట్టిపడుతుంది, అంతే.

వేరుగా ఉండాలనేవాళ్ల పక్షాన చెప్పాల్సింది లేకపోలేదు. నేను ముందే చెప్పాను, ఒక ఇంటి తాగుడు మాన్పించింది వాళ్లేనని. వాళ్లకు క్రమశిక్షణ ఉంది. ఆదివారం తప్పరు. అప్పు ఎగ్గొట్టరు. పాత సంఘాల్లో డయోసిస్ ఎన్నికల గొడవలు, ఆస్తుల కోర్టు కేసులు చూసి విసిగిపోయి బయటికి పోయినవాళ్లు చాలామంది. వాళ్లను తప్పుపట్టే ముందు పాత సంఘాలు తమ ఇల్లు చూసుకోవాలి. కానీ తాగుడు మాన్పించినవాడికి, పక్కింటి గిన్నె తిప్పి పంపించమనే హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? ఆ రెండూ ఒకే పొట్లంలో కట్టి ఇస్తున్నారు. మొదటిది కావాలంటే రెండోదీ తీసుకోవాలంటున్నారు. నా అభ్యంతరం అక్కడే. మళ్లీ చెబుతున్నా, బల్ల దగ్గర గీత వేరు, వాకిట్లో గీత వేరు.

కలిసి బతకడం మనవాళ్లకు చేతకానిదేం కాదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం తెలుసు గదా. 1911 దాకా మదనపల్లె మన కడప జిల్లాలోదే. 1915లో అక్కడ క్షయ రోగుల ఆస్పత్రి తెరిచారు. అది ఏ ఒక్క మిషన్‌దీ కాదు. అనేక మిషన్లు కలిసి పెట్టుకున్నాయి. ఆదివారం ఒకరి బల్ల దగ్గరికి ఒకరు రానివాళ్లు, సోమవారం ఒకే ఆస్పత్రికి చందా కట్టారు. మంచం మీద దగ్గే మనిషిది చిలకరింపు బాప్తిస్మమా, ముంపు బాప్తిస్మమా అని విడదీయలేదు.

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఇంకా తమాషా. అందులో పురుషోత్తమ చౌదరి గారి పాటలు ఎన్నో. ఆయన బాప్టిస్టు. పసిపిల్లలకు బాప్తిస్మం ఇవ్వకూడదనే సంఘం. పసిపిల్లలకు బాప్తిస్మం ఇచ్చే లూథరన్లు, సీఎస్ఐ వాళ్లు ఆ పాటలే పాడతారు. పాట రాసినాయన ఏ సంఘమని ఎవరూ అడగలేదు. తబలా, తాళాలు అందుకుంటే సిద్ధాంతాలు గుర్తుకురావేమో!

సమయం దగ్గరపడింది. పాస్టర్లలో ఎవరైనా ఇది వింటుంటే వాళ్లకు ఒక మనవి. మీ బల్ల దగ్గర మీ గీత మీరు ఉంచుకోండి. దాన్ని ఎవరూ అడగరు. కానీ పక్క సంఘంవాళ్ల పెళ్లికి పోవద్దు, చావుకు పోవద్దు అని ఆదివారం ప్రసంగంలో చెప్పే ముందు ఒకసారి ఆగండి. మీ ఎదురుగా చాప మీద కూర్చున్న ఆడబిడ్డ పుట్టిల్లు ఏ సంఘమో కనుక్కోండి. రేపు ఆమె తండ్రి పోతే, ఆ శవం దగ్గర పాట పాడేటప్పుడు ఆమె లోపల ఉండాలా, బయట నిలబడాలా, మీరే చెప్పాల్సి వస్తుంది.

వినేవాళ్లలో తక్కినవాళ్లకు కూడా ఒక మాట. మీ ఊళ్లో ఏ సంఘంలో ఎవరు పోయినా పోండి. పాట వాళ్లదైతే వినండి, ప్రార్థన వాళ్లదైతే తల వంచుకుని నిలబడండి, గుంటలో పిడికెడు మన్ను వేసి రండి. దానికి మీ సంఘం అనుమతి అడగాల్సిన పని లేదు.